అల్లుడికి ఏమిష్టం

దర్జీకి సూదిలో దారం ఎక్కించడం కష్టమైపోయింది. కళ్ళజోడు మార్చినా చూపు మసకగానే ఉంది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదు. పరీక్షలు చూసిన డాక్టరు టైప్ టూ మధుమేహమని తేల్చి, మాత్రలు రాసి, "ఏం తినాలో మా ఆహార నిపుణురాలిని అడగండి" అన్నాడు. దర్జీ తలూపి ఇంటికొచ్చేశాడు.

ఇంట్లో ఉండేది అతనూ, అత్తగారూ. భార్య జబ్బు పడ్డప్పుడు సాయానికి వచ్చిన ఆవిడ, కూతురు పోయాక కూడా ఉండిపోయింది. ఉండమని అతను అడగలేదు, వెళ్తానని ఆవిడా అనలేదు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక వంటిల్లు, మధ్యన ఒక కర్టెన్. దాని అవతలి నుంచే ఆవిడ "భోజనం పెట్టాను, రండి బాబూ" అనేది. అంతకు మించి మాటల్లేవు. సాయంత్రమయ్యేసరికి మాత్రం ఏదో ఒక తీపి చేసి మిషను పక్కన పెట్టి వెళ్ళేది. అతను ముక్క మిగల్చకుండా తినేవాడు.

జబ్బు సంగతి వినగానే ఆవిడ మొహం పాలిపోయింది. "నా చేతులారా తెచ్చిపెట్టాను" అంటూ వంటింట్లో కూలబడింది.

మర్నాడే పంచదార డబ్బా పక్కింటికి పోయింది. పక్కింటావిడ చెప్పిందని అన్నం మానిపించింది. మెట్ల మీద కలిసిన మరొకావిడ చెప్పిందని పళ్ళు మానిపించింది. చివరికి కంచంలో ఉడకబెట్టిన క్యాబేజీ మిగిలింది. అతను అదే తిన్నాడు. ఆవిడా అదే తింది. అందరికీ కొలతలు తీసి కుట్టే మనిషికి తన ప్యాంటే నడుం మీద నిలవడం మానేసింది.

ఒక మధ్యాహ్నం కోటుకు చెయ్యి అతుకుతుంటే అతనికి ఒళ్ళంతా చెమట పట్టింది, వేళ్ళు వణికాయి. మిషను చప్పుడు ఆగిపోయేసరికి అత్తగారు కర్టెన్ తోసుకుని వచ్చింది.

"నీళ్ళలో పంచదార... కలిపివ్వండి."

"అయ్యో, అది మీకు విషం కదా బాబూ!"

"మాత్ర వేసుకుని సరిగ్గా తినకపోతే ఇలాగే అవుతుందట. డాక్టరు ముందే చెప్పాడు."

ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తింది. పంచదార తెచ్చి, నీళ్ళలో కలిపి, గ్లాసు అతని నోటికి అందించింది. కాసేపటికి అతను తేరుకున్నాడు.

"రేపు ఆ నిపుణురాలి దగ్గరికి వెళ్తున్నాం. నేనూ వస్తున్నాను" అంది ఆవిడ. ఆ గొంతులో అంత గట్టిదనం అతను ఎప్పుడూ వినలేదు.

నిపుణురాలు చిన్న వయసు అమ్మాయి. క్యాబేజీ కథంతా విని, "అది సరే, ఆయనకి ఏమిష్టం?" అనడిగింది.

"తీపి" అంది అత్తగారు వెంటనే. "మా అమ్మాయి చెప్పేది. ఆయనకి తీపంటే ప్రాణమమ్మా, చేసి పంపు అని."

దర్జీ తల వంచుకున్నాడు. "నాకు తీపి అంత ఇష్టం లేదండీ."

"మరి నేను పంపినవన్నీ?"

"తనే తినేసేది. నా పేరు చెబితే మీరు నెయ్యి ఎక్కువ వేస్తారనేది."

"దొంగపిల్ల!" అంది అత్తగారు. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకముందే కళ్ళ నీళ్ళొచ్చాయి. "మరి ఇన్నాళ్ళూ మీరెందుకు తిన్నారు?"

"మీరు చేశారు కదా."

నిపుణురాలు ఆవిడకి మంచినీళ్ళ గ్లాసు అందించింది. తర్వాత ఒక పళ్ళెం ముందు పెట్టి చూపించింది. సగం కూరగాయలు. మిగతా సగంలో ఒక వైపు అన్నం, రెండో వైపు చేపో, గుడ్డో, చిక్కుడు గింజలో. పండు కూడా తినొచ్చు, మితంగా. ఏ పూటా మానకూడదు. "కడుపు మాడ్చుకోవడం పథ్యం కాదు. ఇష్టమైనదాన్నే సరైన కొలతలో తినాలి. కొలతల సంగతి మీకు చెప్పాలా?" అంది దర్జీతో.

దర్జీకి చేపలిష్టం, పుల్లగా, ఘాటుగా. ఆ సంగతి అత్తగారు ఆ రోజే విన్నది.

సాయంత్రం ఇద్దరూ కలిసి చేపల పులుసు వండారు. అతను ఉల్లిపాయలు తరిగితే, "గుడ్డ కత్తిరించినట్టు అంత సాపుగా ఎందుకూ" అని ఆవిడ ఎగతాళి చేసింది. తర్వాతి పరీక్షల్లో చక్కెర కొంచెం దిగింది. ఇంకా దిగాలన్నాడు డాక్టరు.

ఆ ఫలితాలు వచ్చిన రాత్రి ఆవిడ వంటింట్లో ఒంటరిగా తినకుండా అతనికి ఎదురుగా కూర్చుంది. తన వాటా అయిపోయాక చేపల గిన్నెలోకి తొంగి చూసింది.

"నాకేం జబ్బు లేదుగా, ఇంకో ముక్క వెయ్యి నాన్నా. నీకు మాత్రం చాలు" అంది.

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఆవిడ గమనించలేదు. అతను గమనించాడు. పెద్ద ముక్క చూసి వేశాడు.