కింది ఫైలు, మేడమీది ఫైలు

"మీటింగులో ఉన్నా మెట్లు దిగొచ్చు కదండీ," అంది సరళకుమారి, మేడమీదున్న తోడికోడలు ఎల్సా గురించి. ఆ మాటే అప్పటికి రెండు మూడు రకాలుగా అనేసింది.

అత్తగారు వినిపించుకోలేదు. కొర్రమీను పులుసులోంచి తలకాయ ముక్క ఏరి గిన్నెలో వేసి, పైన పళ్ళెం మూసింది. వండినవాళ్ళకే తలకాయ అని సరళ కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడే పెట్టిన ఆచారం. ఇవాళ వండింది సరళే.

"ఆ పిల్ల పొద్దుట్నుంచీ టీ నీళ్ళతో ఉందే. కంప్యూటర్ ముందు కూర్చుంటే దానికి ఆకలే తెలీదు."

"నేనూ కంప్యూటర్ ముందే కూర్చుంటున్నానండీ. ఎల్సా స్కూలుకెళ్ళే రోజుల్నుంచీ."

"నీది వేరులే," అని ఆవిడ మెట్లెక్కింది.

ఏం వేరో సరళకి అర్థం కాలేదు. ఘాజియాబాద్‌లో ఈ ఇంటి కింది గదిలో హోమ్ నర్సింగ్ సర్వీసు పెట్టింది తను. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి నర్సుల్ని పంపడం పని. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం మానేసి, ఒక పాత కంప్యూటర్ కొని, నర్సులెవరు, పేషెంట్లెవరు, ఏ రోజు ఎవరికి డ్యూటీ అన్నదంతా ఒక్క డేటాబేస్ ఫైల్లో తనే కట్టుకుంది. తప్పులు చేస్తూ, చెరిపేస్తూ, ఎవర్నీ అడక్కుండా నేర్చుకుంది. అప్పుడు మెచ్చుకున్నవాళ్ళు లేరు. మరిది షాలోమ్ పెళ్ళి చేసుకుని ఎల్సాని తెచ్చాక, పని పెరిగి ఇద్దరూ ఒకేసారి చూసుకోవాల్సి వచ్చాక, ఎల్సా ఒక్క ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఆ ఫైలుని రెండుగా విడగొట్టింది. వివరాలన్నీ మేడమీద తన కంప్యూటర్లో ఒక ఫైలు. అవి చూపించే తెరలు మాత్రం వేరే ఫైలు, పైనొక కాపీ, కిందొక కాపీ. ఇల్లంతా మెచ్చుకుంది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల కావడంతో దాని తెలుగు సగం హిందీ. "అచ్ఛా అక్కా" అంటే కూడా అత్తగారికి ముద్దొచ్చేది. నర్సులు సరళని దీదీ అంటారు, ఎల్సాని మేడమ్ అంటారు.

అత్తగారు ఖాళీ చేతులతో కిందికి వస్తుండగా ఫోన్ మోగింది. వసుంధర కాలనీలో తివారీగారింటి నుంచి నర్సు కావేరి. తను పొద్దున్నే డ్యూటీకి వస్తే, కాసేపటికి అనూహ్య అనే ఇంకో నర్సు కూడా వచ్చిందట. ఒక ముసలావిడకి ఇద్దరు నర్సులేమిటని ఇంటివాళ్ళు నవ్వారట. అనూహ్యకి రోషమొచ్చి, ఫోన్ ఆపేసి, ఢిల్లీలో ఆ చివరనున్న మునిర్కాలో తన గదికి వెళ్ళిపోయింది. ఆ ఫోన్ పెట్టేలోగా ఇంకోటి. దగ్గర్లోని కౌశాంబి నుంచి లక్ష్మీనారాయణగారి కోడలు. రైల్వేలో రిటైరైన మనిషి, పక్షవాతం. పొద్దుట్నుంచీ ఎవరూ రాలేదు, ఒక్కదాన్నే ఆయన్ని పక్కకి తిప్పలేకపోతున్నానని ఆ అమ్మాయి ఏడ్చింది.

సరళకి ఆ పేరే కొత్త.

శనివారం కావడంతో మగవాళ్ళిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. సంగతి విని భర్త పౌలురాజు విసుక్కున్నాడు. ఒక్క ఫైలున్నన్నాళ్ళూ ఏ గొడవా రాలేదని, ఈ విడగొట్టడాలు మనకెందుకని అన్నాడు. ఆ మాట సరళ చెవుల్లో తేనె పోసినట్టుంది. ఇంకొకసారి అంటే బావుండుననిపించింది. తను మాత్రం నోరు విప్పలేదు.

ఎందుకంటే ఆమెకి తెలుసు. కిందటి వారం, తను కూరగాయలకి వెళ్ళినప్పుడు ఎల్సా తెరల్లో ఏదో మార్పు చేసి, కొత్త కాపీని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కింద పెట్టి వెళ్ళింది. మర్నాడు సరళ తెరిస్తే, ఫైలుకిచ్చిన దారి చెల్లదని తప్పు చూపించింది. వివరాలుండే టేబుళ్ళలో ఒక్కటీ తెరుచుకోలేదు. అడుగుదామని మెట్ల దాకా వెళ్ళింది. పైన అత్తగారూ ఎల్సా దేనికో పగలబడి నవ్వుతున్నారు. అత్తగారు అలా నవ్వగలదని సరళకి అంతవరకూ తెలీదు. వెనక్కొచ్చి, దాచిపెట్టిన పాత ఫైలు తెరిచింది. అది వెంటనే తెరుచుకుంది. తను కట్టినది, తన మాట వినేది. అప్పట్నుంచీ అందులోనే పని. ఎల్సా చేసిన తప్పు తనంతట తాను బయటపడాలి, అందరి ముందూ పడాలి. దానికోసం రోజూ ఎదురుచూసింది.

ఇవాళ పడింది. కానీ పాత ఫైల్లో కావేరి ఇంకా సెలవులోనే ఉంది. అందుకే తివారీగారింటికి అనూహ్యని పంపింది. కావేరి తిరిగొచ్చిందని ఎల్సా మేడమీది ఫైల్లో ఎక్కించి, ఆ ఇంటికి తననే వేసింది. లక్ష్మీనారాయణగారు తర్వాత మేడమీది ఫైల్లో చేరిన పేషెంటు, అనూహ్య వెళ్ళాల్సింది ఆయన దగ్గరికే. పాత ఫైల్లో ఆయనే లేడు.

ఎల్సా చేయి కడుక్కుని దిగి వచ్చి సరళ కుర్చీలో కూర్చుంది. కొత్త కాపీ తెరిచి, తెర మీది తప్పు చూడగానే నాలిక కరుచుకుంది.

"నాదే తప్పు అక్కా. లింకులకి నా కంప్యూటర్ సి డ్రైవ్ దారి ఇచ్చేశాను. ఇక్కడికొస్తే సి డ్రైవ్ అంటే మీదే అవుతుంది కదా. ఫైలు మేడమీద ఉంటే ఇది కింద వెతుక్కుంటోంది పాపం, బిచారీ."

"ఒప్పుకుంది చూడు పిల్ల," అంది అత్తగారు. "ఎంతమందికుంటుంది ఆ గుణం."

వారం రోజులు దాచుకున్న ఆ తప్పు ఒక్క నిమిషంలో మెప్పు కింద మారిపోయింది.

ఎల్సా లింకులు సరిచేసే లింక్డ్ టేబుల్ మేనేజర్ తెరిచి, డ్రైవ్ అక్షరం తీసేసి మేడమీది కంప్యూటర్ పేరుతో దారి ఇచ్చింది. ఒక్కో టేబులూ తెరుచుకుంది. తర్వాత దాని చేయి ఆగింది. ఈమధ్య తెరిచిన ఫైళ్ళ జాబితాలో అన్నిటికన్నా పైన పాతదే ఉంది. ఎల్సా సరళ కళ్ళలోకి చూసింది. మెల్లిగా ఆ జాబితా మూసేసింది.

"హో గయా. ఇంకేం ప్రాబ్లం లేదు," అంది అందరికీ.

తిట్టినా బావుండేదని సరళ అనుకుంది. తలకాయ ముక్క పోయింది, కుర్చీ పోయింది. ఇప్పుడు దాని జాలి కూడా మింగాలి.

కౌశాంబికి పంపడానికి ఖాళీగా ఎవరూ లేరని కొత్త తెర చూపిస్తోంది. ఎవరిది తప్పన్న మాటల్లో పడి ఆ మనిషిని అందరూ మర్చిపోయారు. సరళ బీరువాలోంచి పాత నర్సు సంచి తీసుకుని, చెప్పులేసుకుని, ఆటో ఎక్కేసింది.

లక్ష్మీనారాయణగారు కళ్ళతో తప్ప మాట్లాడలేడు. సరళ ఆయన భుజం కింద ఒక చేయి, తుంటి కింద ఒక చేయి వేసి ఒక్క ఊపులో పక్కకి తిప్పింది. దుప్పటి మార్చి, ఒళ్ళు తుడిచి, వీపున ఎర్రబడిన చోట చూసుకుంది. ఇంకొక్క పూట ఆలస్యమైతే పుండయ్యేది. ఆ పుండు తన పేరున ఉండేది. పనంతా చేతులు వాటంతటవే చేశాయి. ఈ పని ఎల్సాకి రాదు కదా అని మధ్యలో ఒకసారి అనిపించింది. ఆ తలపుకి సిగ్గుపడింది గానీ, దాన్ని వదులుకోలేదు.

సాయంత్రం కుటుంబ ప్రార్థనకి అందరూ చాప మీద కూర్చున్నారు. వాక్యం చదివాక అత్తగారు రోజూ అడిగినట్టే, ఎవరికైనా ప్రార్థన అంశాలున్నాయా అని అడిగింది. షాలోమ్ తన ప్రమోషన్ గురించి చెప్పాడు. పౌలురాజు మోకాళ్ళ నొప్పి అన్నాడు.

"నాదొకటుంది," అంది సరళ. "ఇవాళ జరిగింది ఎల్సా తప్పు కాదు. లింకు తెగిన సంగతి నాకు వారం నుంచీ తెలుసు. చెప్పకుండా పాత ఫైలు వాడాను."

ఎల్సా తల వంచుకుంది.

"పాతది ఇందాకే తీసేశాను. సోమవారం నుంచి డ్యూటీలు వేసేది ఎల్సా. లక్ష్మీనారాయణగారికి పగలు నేను వెళ్తాను. ఆయన పక్కన నా పేరు వెయ్యి ఎల్సా." ఆ మాటని, సంతలో బెండకాయలు పావుకిలో చాలన్నంత మామూలుగా అంది. "ఇంక ప్రార్థన చేయండి, అత్తయ్యా."