రైట్ పట్టీ

పళ్లు తోముకుంటున్న అనువాదకురాలి చెయ్యి ఠక్కున ఆగిపోయింది. నిన్న సాయంత్రం అచ్చుకు పంపేసిన పుస్తకంలో ఏడో పేజీ కళ్లముందు మెదిలింది. మంచం పట్టిన రోగిని పైకెత్తే యంత్రాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం అది. ఇంగ్లీషు నుంచి నార్వే భాషలోకి మార్చింది. ‘ముందు రైట్ పట్టీ తగిలించండి’ అన్నచోట ‘హోయ్‌రే’ అని రాసింది. అంటే కుడి. మరి సరైన పట్టీ అని వాళ్ల ఉద్దేశమైతే? అప్పుడు ‘రిక్తి’ అనాలి. ఇంగ్లీషువాళ్లు ఒక్క మాటతో సరిపెట్టేస్తారు, నార్వేవాళ్లకు అలా కుదరదు.

నోరు కడిగీ కడగకుండా అక్క దగ్గరికి పరిగెత్తింది. నర్సు అక్క డ్యూటీకి జడ వేసుకుంటోంది.

“అక్కా, కుడి పట్టీయే ముందు పెడతారా?”

“ఎవరి కుడివైపు? పడుకున్నవాళ్లదా, పక్కన నిలబడ్డ నాదా?”

గోరుచుట్టు మీద రోకటిపోటు! ఆ అనుమానం అంతవరకూ రానేలేదు.

“మా వార్డులో ఆ మిషనే లేదే. చేసినవాళ్లనే అడుగు” అంది అక్క.

పదకొండింటికి అచ్చు మొదలు. ఫోను చేస్తే యంత్రం చేసిన కంపెనీలో ఎత్తే దిక్కు లేదు. చెప్పుల్లో కాళ్లు దూర్చి బయల్దేరింది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయింది.

ఇంజనీరు సెలవు. షెడ్డులో ఉన్న ముసలి ఫిట్టరు చేతులు తుడుచుకుని, గోడకు వేలాడుతున్న పట్టీలు చూపించాడు. చిన్నది, నడిమిది, పెద్దది.

“కుడీ లేదు, ఎడమా లేదమ్మా. మనిషి ఒంటికి సరిపోయేది అని. బక్కమనిషికి పెద్దది వేశారనుకోండి, సగంలో జారి పడతాడు.”

ఆమె స్టూలు మీద కూలబడింది. అక్కణ్ణుంచే అచ్చాఫీసుకు ఫోను.

“ఇప్పుడే మొదలెట్టాం మేడమ్, అరవై అయిపోయాయి.”

“ఆపెయ్యండి. అయినవి చించెయ్యండి. తప్పు నాదే.”

ఇక పుస్తకంలో ఎక్కడెక్కడ రైట్ ఉందో అన్నీ తీసింది. ఒక్కోదానికీ ఫిట్టరు యంత్రం ముందు నిలబడి, ఆ పని చేసి చూపించాడు. ఎవరి కుడో కూడా రాసుకుంది. చివరి పేజీ దగ్గర అతను వేలు పెట్టాడు.

“ఇది కుడివైపా, సరైనదా?”

“రెండూ కాదండీ, హక్కు. రోగికి వద్దనే హక్కు ఉందని. ఇది నిన్నే సరిగ్గా రాశాను.”

“వద్దంటే ఎత్తకూడదన్నమాట” అన్నాడు ఫిట్టరు, తను బిగించిన యంత్రాన్ని కొత్తగా చూస్తూ. “ఇన్నేళ్లూ మాకెవరూ చెప్పలేదు.”

దిద్దిన పేజీలు పంపేసి బస్సెక్కిందో లేదో, పోయినేడు అనువాదం చేసిన కంటిచుక్కల మందు కాగితం గుర్తొచ్చింది. అందులోనూ ‘రైట్’ ఉంది. తర్వాతి స్టాపులో దిగిపోయి, అక్కడే నిలబడి ఫోనులో వెతికింది. అది సరిగ్గానే ఉంది. అయినా మళ్లీ మొదటినుంచీ చదివింది.