ఎండిన చెట్టుకు అనుమతి

"ఆకులు ఊడ్వలేక నడుం పడిపోతోందంటావుగా, నీ మంచికే ఆ చెట్టు కొట్టించేది," అన్నారు అత్తగారు గుమ్మంలో నిలబడి.

కోడలు చీపురు ఆపలేదు. ఎప్పుడో ఒక్కసారి నడుం నొప్పి అన్న పాపానికి, ఆ నడుమే ఇప్పుడు ఇంటిల్లిపాదికీ సాకైంది. చెట్టు ఉన్నచోట కారు షెడ్డు వేయాలన్నది భర్త ముచ్చట. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనరు.

పెరట్లో బాదం చెట్టు ఆకు రాల్చే కాలం కాదిది. అయినా నెల రోజులుగా తెల్లారేసరికి నేలంతా ఆకులే. పండి ఎర్రబడినవి కావు, పచ్చిమీదే అంచులు మాడినవి. తెగులేమో అనుకుంది ఇన్నాళ్ళూ. ఈ వేళ చెట్టు మొదలు దగ్గర ఊడుస్తుంటే ముక్కు మండింది. బాత్రూము కడిగే యాసిడ్ వాసన. కడిగేది తనే, తనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది ఆ వాసన! వంగి చూసింది. మొదలు చుట్టూ వేలు దూరేంత రంధ్రాలు, కనబడకుండా మట్టి మెత్తి ఉన్నాయి. పుల్లతో మట్టి లాగితే లోపల చెక్క నల్లగా మాడిపోయి ఉంది. లెక్కపెట్టింది. ఏడు.

తడి తువ్వాలు తీగ మీద వేసే ఓపిక లేని మనిషి తన భర్త! ఏడు చోట్ల డ్రిల్లుతో తొలిచి, రోజూ ఇంత యాసిడ్ పోసి, మళ్ళీ మట్టి మెత్తి, చేతులు కడుక్కుని వచ్చి, ఆమె కలిపిచ్చిన కాఫీ తాగి, "చక్కెర తక్కువైంది" అని కూడా అన్నాడు. ఏ ఒక్క రోజూ ఆ మొహంలో తేడా లేదు. ఆమెకు భయమేసింది.

ఎందుకింత ఓపిక పట్టాడో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. మునిసిపల్ ఆఫీసులో చెట్ల సెక్షన్ గుమాస్తా ఆమే. సొంత పెరడైనా సరే, పావు వంతు మించి కొమ్మలు నరకాలన్నా, చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి, ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి. దానంతట అది ఎండిపోయిన చెట్టయితే యజమాని రాసిచ్చిన కాగితం చాలు. అది అబద్ధమని తేలినా, చెట్టును కావాలని చంపారని తేలినా కేసు పడేది యజమాని మీద. ఇక్కడ యజమాని ఆమే. ఆడవాళ్ళ పేరు మీదైతే రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని ఇల్లు ఆమె పేర కొన్నారు. గేటు మీద బోర్డు మాత్రం ఆయనది.

టిఫిన్ పెడుతుంటే భర్త కాగితం ముందుకు తోశాడు. అన్నీ నింపే ఉన్నాయి. "ఇక్కడ సంతకం పెట్టు. ఫైలు నీ టేబుల్ మీదికే కదా వచ్చేది."

"రంధ్రాలు చూశానండీ," అంది.

అతను అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది. ప్లేటులోంచి తల కూడా ఎత్తలేదు. "చూస్తే? నీ పేరు మీదున్న చెట్టు. ఎవరైనా అడిగితే చెప్పుకోవాల్సింది నువ్వే. అయినా దానంతట అదే పోయిందని ఇంట్లో మనిషే చెబుతుంటే ఇంకెవరడుగుతారే?"

ఆ మాట ఆఫీసుకు వెళ్ళే బస్సులో కూడా ఆమెను వదల్లేదు. ప్రమోషన్ పరీక్ష రాయకపోతే, "తనే వద్దనుకుంది" అన్నాడు అందరితో. స్నేహితురాళ్ళు రావడం మానేస్తే, "దానికే జనం పడదు" అన్నాడు. అడిగినవాళ్ళకల్లా ఔనౌనని నవ్వుతూ తలూపింది తనే. ఇన్నేళ్ళలో తనలో ఏమేం ఎండిపోయినా, దానంతట అదే పోయిందని తనే రాసిచ్చింది. రేపు తనకే ఏదైనా అయితే? కండక్టరు స్టాపు పేరు రెండోసారి అరిస్తే గానీ ఆమె సీట్లోంచి లేవలేదు.

ఆఫీసులో ఇన్‌స్పెక్టరు ఆమె చేతిలోని కాగితం చూసి నవ్వాడు. "మీ ఇంటిదేనా అమ్మా? మీరు చెబితే చాలదూ, ఇటివ్వండి, సంతకం పెట్టేస్తా."

"చాలదు సార్. నేనింకా సంతకం పెట్టలేదు. మీరే వచ్చి చూడాలి. ఏడు రంధ్రాలున్నాయి, యాసిడ్ పోశారు. ఎవరు పోశారో చెబుతాను."

ఆయన కలం కింద పెట్టాడు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆలోచించుకున్నారా? కేసు పడేది మీ మీద. మీ ఉద్యోగం మీదికి కూడా రావచ్చు. పైగా సాయంత్రం మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి మీరు."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"తెలుసు సార్. యజమానినీ నేనే, సాక్షినీ నేనే. రాసుకోండి."