నొక్కి పట్టుకున్న బటన్

కళావతి మొండిది. ఉప్పుగూడ స్టేషన్ క్యాబిన్‌లో సిగ్నళ్లు చూసే అంజన్న కూతురు, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో టెక్నీషియన్. 1982లో ఆ కర్మాగారం సొంతంగా ఒక చిన్న కంప్యూటర్ తయారుచేయాలని పూనుకుంది. దానికి ఏ ప్రాసెసర్ పెట్టాలన్న దగ్గరే లొల్లి మొదలైంది.

ఇంజనీరు పురుషోత్తం 8085 అన్నాడు. కళావతి జెడ్-80 అని పట్టుబట్టింది. చవకరకం మెమరీ చిప్‌లకు మతిమరుపు ఎక్కువ. క్షణక్షణమూ తట్టి లేపకపోతే లోపల ఉన్నదంతా మరిచిపోతాయి. 8085 పెడితే ఆ పనికి వేరే చిప్‌లు బోలెడు కావాలి. జెడ్-80 తన పని తాను చేసుకుంటూనే వాటినీ లేపుతుంది. బోర్డు చిన్నదవుతుంది, ఖరీదూ దిగుతుంది. పెద్దాఫీసరు సీతారాం ఇద్దరినీ చెరో బోర్డు చేయమన్నాడు. సోమవారం చూసి ఒకటి ఖాయం చేస్తానన్నాడు.

శుక్రవారం చేసిన పరీక్షలో కళావతి పరువు పోయింది. ప్రోగ్రాం చక్కగా నడిచింది. మళ్లీ మొదటి నుంచి నడిపిద్దామని సీతారాం రీసెట్ బటన్ నొక్కగానే ఎర్ర దీపాల మీద పిచ్చి అంకెలు వచ్చాయి. అదే బటన్ కళావతి నొక్కితే అంతా సవ్యంగానే ఉంది.

"నీ బోర్డు నీ ఒక్కదాని మాటనే వింటదా ఏందమ్మా?" అని పురుషోత్తం నవ్వాడు.

శనివారమంతా టంకం చుక్క చుక్కా వెతికినా తప్పు దొరకలేదు. ఏడుపొచ్చింది. గేట్ పాస్ రాయించుకుని బోర్డును ఇంటికి తెచ్చుకుంది.

ఆదివారం పొద్దున అంజన్న మురిపెంగా దాని ముందు కూర్చుని, బటన్ మీద బొటనవేలు పెట్టాడు. తీయడే!

"బాపూ, ఇడ్సిపెట్టు! ఎంతసేపు నొక్కుతవ్?"

"సూది తిరిగేదాంక పట్టుకోవద్దా బిడ్డా? మా క్యాబిన్ల సిగ్నల్ డబ్బాకు గట్లనే. ముట్టీ ముట్టనట్టు నొక్కితే అవతలి స్టేషన్‌కు ఖబర్ పోతదా?"

వేలు తీశాక చూస్తే, దీపాల మీద అవే పిచ్చి అంకెలు.

కళావతి నెత్తి కొట్టుకుంది. సీతారాంది అటెండరు వచ్చేదాకా బల్ల మీది బెల్లు వదలని చెయ్యి. రీసెట్ నొక్కి ఉంచినంతసేపూ ప్రాసెసర్ కొయ్యబారిపోతే మెమరీని లేపేదెవరు? ఎప్పుడూ టక్కున నొక్కి వదిలే తనకు ఈ తప్పు జన్మలో కనబడేది కాదు.

సోమవారం పెందలాడే వెళ్లి పురుషోత్తానికి సంగతి చెప్పింది.

"నొక్కి పట్టుకోవద్దని చీటీ అతికించు, అయిపాయె," అన్నాడాయన.

"చీటీ చదివి నొక్కేటోళ్లు ఎవరున్నరు సార్? మనుషుల చేతులు మారయి. డబ్బానే మారాలె."

బటన్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఒక కెపాసిటర్, రెండు రెసిస్టర్లు కూర్చింది. ఇక వేలు ఎంతసేపు ఉన్నా ప్రాసెసర్‌కు తగిలేది రెప్పపాటు దెబ్బ మాత్రమే.

సీతారాం వచ్చాడు. బటన్ నొక్కి పట్టుకునే క్యాంటీన్ చాయ్ మీద ఫిర్యాదు మొదలుపెట్టాడు. కళావతి ఆ వేలినే చూస్తూ నిలబడింది. ఫిర్యాదు ముగిసింది, వేలు లేచింది. అంకెలు పొల్లుపోకుండా వెలిగాయి.

ఆయన రెండు బోర్డులనూ పక్కపక్కన పెట్టి చూశాడు. పురుషోత్తం బోర్డులో సగం కూడా లేదు కళావతిది. ఫైలులో జెడ్-80 అని రాసి తలెత్తాడు.

"ఈ బటన్ కిటుకు ఎవరిది?"

పురుషోత్తం ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"కళావతిది సార్. చిప్ గూడ ఆమె ఎంచిందే. నేనే వద్దన్న."

కళావతి మురిసిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, బోర్డును సీతారాం ముందుకు జరిపింది.

"ఇంకోపారి నొక్కుండ్రి సార్. మీ ఇష్టమొచ్చినంతసేపు పట్టుకోండ్రి."