ఎర్ర పడవ మీద సుద్ద రాత

మా కేజీ పిల్లలు పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని కూడా గడగడా చదివేస్తారు. పాఠమంతా నోటికి వచ్చు, కళ్లకు దానితో పనే లేదు. దీన్నే చదువంటుంది మా హెడ్‌మిస్ట్రెస్ ఎసినమ్ మేడమ్. నేను ఒప్పుకోను. ఆరు నెలలుగా ఇదే పోట్లాట. చివరికి ఆవిడ తేల్చేసింది: శుక్రవారం తన ఎదుట పిల్లలు చదివి చూపించాలి, లేకపోతే సోమవారం నుంచి క్లాసు నాది కాదు.

శుక్రవారం ముప్పై మందినీ మా అన్లోగా ఊరి సముద్రపు ఒడ్డుకు తోలుకుపోయాను. ఆ రోజు వేట లేదు, పడవలన్నీ ఇసుకలోనే ఉన్నాయి. మా దగ్గర పేరు రాయని పడవ ఉండదు. ఆ పేర్లన్నీ ప్రతి పిల్లకూ వచ్చు. నా తిప్పలన్నీ అక్కడే. వీళ్లు పేరు చెప్పేది రాతను చూసా, రంగును చూసా?

అగ్బెకో తాత తన ఎర్ర పడవకు మళ్లీ ఎర్ర రంగే కొత్తగా వేశాడు. పాత పేరు 'మా దేవుడు నిద్రపోడు' దాని కింద మునిగిపోయింది. ఆ ఖాళీలో నేను సుద్దతో పక్కనున్న నీలం పడవ పేరు రాశాను: 'ఓర్చుకున్న వాడికే చేప'.

"చదవండి!"

"మా దేవుడు నిద్రపోడు!" ఒడ్డు అదిరింది.

మేడమ్ ఎండకు జడిసి దూరంగా కొబ్బరి నీడలో కూర్చుంది. రాత ఆవిడకు కనబడదు. "ముప్పైకి ముప్పై! గెలిచావే అక్పెనె! పిల్లలూ, చప్పట్లు!"

అంతలో వల అల్లుతున్న అగ్బెకో తాత పరుగున వచ్చాడు. "ఎవతే నా పడవ మీద గీసింది?"

"నీ పడవ పేరే తాతా!" అన్నారు పిల్లలు.

తాతకు చదువు రాదు. "నా పడవ పేరేనా? అయితే బతికిపోయావు పో."

నేను నోరు మూసుకుంటే చాలు, సోమవారం క్లాసు నాదే.

పిల్లల్లో యాయ్రా ఒక్కతే పడవ చెక్క మీద, ఆ రాత వెంట వేలు జరుపుతోంది. చివరి మాట దగ్గర ఆగింది. "కాదు. ఇది చేప. నిన్న 'అమ్మ కాల్చింది చేప' అని నేనంటే మన టీచరక్క నేల మీద రాసింది కదా, అదే ఇది."

"నోర్ముయ్యవే, తిండిపోతా!" అంతా నవ్వారు. అది వేలు తియ్యకుండానే నాకేసి చూసింది.

"యాయ్రా చెప్పిందే నిజం," అన్నాను. "ఇది నీలం పడవ పేరు. మిగతా ఇరవై తొమ్మిది మందికీ చదవడం రాదు."

తాత గుండెలు బాదుకున్నాడు. "ఆ నీలం పడవ వాడి పేరు నా పడవకా! నా చేపలన్నీ వాడి వలలోకి తోలదామనా? నీ చెయ్యి విరిగిపోను! తుడువు!"

మేడమ్ లేచి వచ్చింది. "ముప్పైలో ఒక్కతేనా?"

"నిన్నటికి అదీ లేదు మేడమ్."

"సోమవారం నువ్వు రానక్కర్లేదు."

"ఆ మాటే రాసివ్వండి. మా యాయ్రా అయితే చదివిపెడుతుంది."

తడిగుడ్డ యాయ్రాకే ఇచ్చాను. అది మొదటి మాట తుడిచేసింది. "ఇప్పుడేం మిగిలింది?" అన్నాను.

ఈసారి ఎవరూ గడగడా అప్పజెప్పలేదు. తోసుకుంటూ, ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ, ఆ రాత దగ్గరికి మూగారు. ఒకతె 'దేవుడు' అనబోయి ఆగిపోయి, నుదురు చిట్లించింది.

"తుడవండే తొందరగా!" తాత అరిచాడు.

"ఆగు తాతా!" వెనక్కి తిరక్కుండానే అంది ఆ పిల్ల. "ఇంకా చూస్తున్నాం."