కట్ట మీద మొదటి రాయి

భిక్షానికి పొద్దున్నే ఒళ్లు మండిపోయింది. మండదా మరి? ఇరవై ఏళ్లుగా సినిమాలకు లొకేషన్లు వెతికిపెడుతున్న మనిషి, మాట తప్పాడని ఒక్క ఊళ్లోనూ అనిపించుకోలేదు. ఇప్పుడు ఒడిశా సరిహద్దు కొండల్లోంచి గ్రామపెద్ద ఫోన్ చేసి, "నారు ఎండిపోతంది బాబూ, ఎప్పుడొస్తావు?" అని అడిగాడు. తిట్టినా బాగుండేది.

అక్కడి గెడ్డ, అంటే కొండవాగు, నీళ్లే కింద నాలుగూళ్లకూ ఆధారం. రెండు మనవైపు, రెండు అవతలి రాష్ట్రంలో. హీరోయిన్ పాటకు మడుగు కావాలని యూనిట్ వాళ్లు గెడ్డకు అడ్డంగా రాళ్లూ సిమెంటూ వేసి కట్ట కట్టారు. పాట అయిన సాయంత్రమే తీసేస్తామని భిక్షం మోకాలిలోతు నీళ్లలో నిలబడి మాటిచ్చాడు. అలా నీళ్లలో మాటిచ్చినవాడే మొదటి రాయి తీయాలి, అప్పటిదాకా ఇంకెవరూ చెయ్యి వేయరు. అది ఆ ఊళ్ల కట్టుబాటు. ఆఖరి రోజు ఏంచేశారు? భిక్షాన్ని హీరోయిన్ వెంట విశాఖ పంపేసి, గుమ్మడికాయ కొట్టి షూటింగ్ ముగించేశారు. కట్ట సంగతి అడిగితే "తీయించేశా అన్నా" అని మేనేజరు పచ్చి అబద్ధమాడాడు.

ఫిల్మ్‌నగర్ ఆఫీసులో నిర్మాత వెంకటరామయ్య తాపీగా ఇడ్లీ తింటున్నాడు.

"నలుగురు మనుషులు, రెండు రోజులు చాలు సార్. నేనే తీస్కపోత," అన్నాడు భిక్షం.

"గుమ్మడికాయ కొట్టేశాక మళ్లీ ఆ లొకేషన్‌లో అడుగుపెడితే అరిష్టమయ్యా, నీకు తెలీదా? అయినా సగం ఊళ్లు అవతలి రాష్ట్రానివి. మనల్ని అడిగేదెవరు?"

అంతలో ఎడిటింగ్ గదిలోంచి డైరెక్టరు వచ్చాడు. మడుగు దగ్గర తీసిన మూడు షాట్లలో ఫోకస్ పోయిందట. మళ్లీ తీయాల్సిందేనట.

"దానికేముందండీ, చిన్న పూజ చేయించుకుని వెళ్దాం," అన్నాడు వెంకటరామయ్య. "చూశావా భిక్షం, కట్ట ఉండటమే మంచిదైంది. ఇంకో పదిరోజులు అలాగే ఉంచమను."

వీడి అరిష్టం పాడుగాను. నాలుగూళ్ల నారు మాడిపోతుంటే అడ్డమొచ్చింది, మూడు షాట్లనేసరికి పూజతో సర్దుకుంది.

"ఉంచేది లేదు సార్. ఎల్లుండి పొద్దుగాల నేనే పోయి మొదటి రాయి తీస్త."

"ఆ కట్ట మీద చెయ్యేశావో, ఈ ఫిల్మ్‌నగర్‌లో నీకు టీ పోసేవాడు కూడా ఉండడు."

"అయితే నా పేరు మీద గూడ ఒక గుమ్మడికాయ కొట్టుండ్రి."

ఎర్రగడ్డ బజార్లో గునపం కొని, భిక్షం గ్రామపెద్దకు ఫోన్ చేశాడు. "ఎల్లుండి పొద్దుగాల వస్తున్న పెద్దాయనా. అందర్నీ కట్టకాడికి రమ్మను."

"రమ్మనేదేటి బాబూ," అన్నాడు పెద్దాయన. "నువ్వెళ్లిన కాణ్ణుంచీ నాలుగూళ్లోళ్లం కట్టకాడే కూకున్నాం."