ఎడమ కిడ్నీకి బీమా ఉంది

మా తమ్ముడికి జబ్బుందన్న సంగతి ఇన్సూరెన్స్ వాళ్ళు ఉత్తరం రాసేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ‘పాలసీ తీసుకునే నాటికే ఉన్న అనారోగ్యం’ అని పైన పెట్టి, దాని కింద ‘ఒక కిడ్నీ లేకపోవడం’ అని రాశారు. చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. లేకపోవడమేమిటి నా మొహం! అదేమన్నా బస్సులో మరిచిపోయిన గొడుగా? ఆరేళ్ళుగా నా పొట్టలో కుడివైపున కూర్చుని భేషుగ్గా పనిచేస్తోంది.

ఆరేళ్ళ కిందట నా రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు మిషను మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకునేదాన్ని. మా ఆయన ఇస్తానన్నాడు గానీ ఆయనది నాకు సరిపడలేదు. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. గోళ్ళలో గ్రీజు కూడా కడుక్కోకుండా పని మీద నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చి, “నాకు రెండున్నాయి కదా, ఒకటి తీసుకోండి” అన్నాడు, పక్కింటికి నిచ్చెన ఇచ్చినంత తేలిగ్గా. మరదలు మాత్రం చంకలో పిల్లను పెట్టుకుని, “తర్వాత ఈయన మామూలుగా ఉంటారా డాక్టరుగారూ?” అని ఒక్క ప్రశ్న అడిగింది. “ఒక్కదానితో నూరేళ్ళు బతకొచ్చమ్మా” అన్నాడాయన. నిజమే చెప్పాడు. ఆ ఒక్కటీ బాగుంటే, అన్న మాట మాత్రం మింగేశాడు.

నేను లేచి తిరగడం మొదలుపెట్టగానే వాడి వెంటపడ్డాను, నువ్వూ ఆరోగ్య బీమా తీసుకోరా అని. వాడిది సొంత పని, వెనక ఏ కంపెనీ లేదు. రెండు చోట్ల ‘మీ శరీరంలో ఏదైనా అవయవం తీసేశారా?’ అన్న ప్రశ్న దగ్గరే తలుపు వేసేశారు. మూడోచోట ఏజెంటు, “అక్కడ లేదని రాసేయండి సార్, ఎవడు చూస్తాడు?” అన్నాడు.

“చొక్కా ఎత్తితే జానెడు మచ్చ కనపడుతోంది. లేదని ఎట్లా రాయనండీ?” అన్నాడు మావాడు.

వాడంతే. లిఫ్టు తాడు మీద కాస్త అనుమానం వచ్చినా పదంతస్తుల వాళ్ళనీ మెట్లెక్కించే మనిషి. ఉన్నదున్నట్టు రాశాడు. పాలసీ ఇచ్చారు, కాకపోతే కిడ్నీకి సంబంధించిన ఏ వైద్యానికీ ఎప్పటికీ పైసా ఇవ్వమని ఒక షరతు చేర్చారు. “మిగతా ఒళ్ళంతా ఉంది కదక్కా” అని నవ్వి సంతకం పెట్టాడు. నేనూ నవ్వాను. చేతులు కాలాకే కదా మనకు ఆకులు గుర్తొచ్చేది.

ఈ ఏడాది వాడికి నడుంనొప్పి మొదలైంది. స్కానింగు తీస్తే, ఉన్న ఒక్క కిడ్నీలో గోళీకాయంత రాయి. “దారికి అడ్డం పడుతోంది. రెండు మూడు వారాల్లో తీయించేయండి. ఆలస్యమైతే కిడ్నీ దెబ్బతింటుంది” అన్నాడు ప్రైవేటు ఆస్పత్రి డాక్టరు. ఆ ఆస్పత్రి చెప్పిన ఖర్చు విని మా ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అమ్ముకోగలిగినవన్నీ నా ఆపరేషన్ నాడే అమ్మేశాం. షరతు సంగతి తెలిసి కూడా, ఏమో, మనుషులే కదా అని ఇన్సూరెన్స్ వాళ్ళకు అర్జీ పెట్టాం. దానికి జవాబే ఆ ఉత్తరం.

ఉత్తరం పట్టుకుని వాళ్ళ ఆఫీసుకు నేనే వెళ్ళాను. నేను బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్ సూపర్‌వైజర్‌ని. నలభై మిషన్ల మోత మీద వినపడాలి కాబట్టి నా గొంతు పెద్దది, అక్కడ నన్ను సైరన్ అంటారు. నోరుంటే తల కాస్తుందంటారు కదా, కాస్తుందనే అనుకుని వెళ్ళాను.

కౌంటరు వెనక కళ్ళజోడాయన నన్ను కూర్చోమని మంచినీళ్ళిచ్చాడు. అరవడానికి వచ్చిన మనిషికి మంచినీళ్ళిస్తే సగం బలం అక్కడే పోతుంది.

“రాయికీ, కిడ్నీ దానం చేసినదానికీ ఏం సంబంధమండీ? రెండున్నవాళ్ళకు రాళ్ళు రావా?” అన్నాను.

“వస్తాయండీ. కానీ ఒకటి ఆగిపోతే వాళ్ళకు రెండోది ఉంటుంది. ఈయనకు లేదు కదా.”

“ఆ రెండోది నా దగ్గరుంది.”

“మీ తమ్ముడుగారు చేసింది చాలా గొప్ప పనండీ. కానీ గొప్ప పనికి వేరే రూలు లేదు” అన్నాడు. తర్వాత మెల్లగా, “మీకు ఇన్సూరెన్స్ ఉందా అండీ?” అని అడిగాడు.

ఉంది. ఫ్యాక్టరీ వాళ్ళందరికీ కలిపి తీసుకున్న పాలసీ అది. పాత జబ్బు, కొత్త జబ్బు అని చూడదు, చేరిన రోజు నుంచే అన్నిటికీ ఇస్తుంది. నా పరీక్షలూ మందులూ అన్నీ అందులోనే. నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. వీడిని అందులో చేర్పిస్తే అయిపోదూ! ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు నన్ను నేనే తిట్టుకుంటూ బస్సెక్కాను.

మర్నాడు పొద్దున్నే హెచ్.ఆర్. అమ్మాయి దగ్గరికెళ్ళాను. కొత్తగా చేరింది, మెత్తటి పిల్ల. కంప్యూటర్‌లో నా పేజీ తెరిచి చూపించింది. భర్త, పిల్లలు, అమ్మానాన్నలు, అత్తమామలు.

“తమ్ముణ్ణి చేర్చడానికి లేదు మేడమ్” అంది.

“మా అత్తామామా పోయి పదేళ్ళయింది. ఆ రెండు గళ్ళూ ఊరికే ఖాళీగా పడున్నాయి. ఒకదాంట్లో వాణ్ణి రాసెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది.”

ఆ పిల్లకు నవ్వు రాబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. విషయమంతా చెప్పాను. విని, లేచి తలుపు వేసి, ఇన్సూరెన్స్ వాళ్ళకు ఫోను కలిపి స్పీకరులో పెట్టింది. నా తరఫున నాకన్నా బాగా వాదించింది, పాపం.

“సార్, మా మేడమ్‌కి పెట్టిన కిడ్నీకి ఏమైనా అయితే మీరిస్తారా?”

“కచ్చితంగా ఇస్తామండీ.”

“అది ఇచ్చినాయన దగ్గరున్న రెండోదానికి?”

“డోనర్ ఖర్చులు దానం చేసినప్పుడు మాత్రమేనండీ. తర్వాత ఆయన పాలసీ ఆయనది.”

“రెండూ ఒకే మనిషివి కదా సార్!”

“ఇప్పుడు కాదు కదండీ” అన్నాడు అవతలి మనిషి. వెటకారం లేదు, కోపం లేదు. లెక్క సరిగ్గా చెప్పినట్టు చెప్పాడు.

ఆ పిల్ల ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. నేనే ఊరుకోబెట్టాల్సి వచ్చింది. కటింగ్ సెక్షన్‌కు తిరిగి వెళ్తూ లెక్క వేసుకున్నాను. ఇద్దరం ఒక తల్లి కడుపున పుట్టాం. వాడి రెండు కిడ్నీలూ వాడితోనే పుట్టాయి. ఎడమది నాలో ఉంది కాబట్టి దానికి బీమా ఉంది. కుడిది వాడిలోనే ఉండిపోయింది కాబట్టి దానికి లేదు. నాకిస్తే బతికింది, వాడి దగ్గరుంటే దిక్కులేనిదైంది. తిట్టడానికి ఒక్క మనిషి కూడా దొరకలేదు నాకు.

ఇక మిగిలింది ప్రభుత్వ ఆస్పత్రి. అక్కడ రాళ్ళు పగలగొట్టే మిషను రిపేరులో ఉంది. వరసలో పేరు రాసుకుని రెండు నెలల తర్వాత రమ్మన్నారు. “నన్ను లోపలికి వదలమనక్కా, ఆ మిషనేదో నేనే బాగుచేస్తా, నా రాయితోనే పరీక్షించుకోవచ్చు” అని తమ్ముడు జోకులేశాడు. మరదలు నవ్వలేదు. రోజూ ఫోన్ చేసేదాన్ని. నీళ్ళు తాగుతున్నావా అంటే, చెరువులు చెరువులు తాగుతున్నానక్కా అనేవాడు. పని మానరా అంటే మానలేదు. లిఫ్టులు ఆగితే ముసలివాళ్ళు దిగలేరని సాకు.

అయిదో వారంలో ఒక మధ్యాహ్నం, ఏడో అంతస్తు పైన మోటారు గదిలో చలిజ్వరంతో వణుకుతూ పడిపోయాడు. వాచ్‌మన్ ఫోన్ చేశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు, ఆ బిల్డింగుకున్న ఒక్క లిఫ్టునూ వాడే విప్పి పెట్టాడు. నలుగురు కలిసి ఏడంతస్తులూ మెట్ల మీదుగా మోసుకొచ్చారు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఆ పూటే చేర్చుకుని, వీపులోంచి గొట్టం వేసి చీము తీశారు. ఇలా పడిపోతే వెంటనే చూస్తారట. పడిపోకముందు చూడటానికే వరస.

మూడు రోజులు వార్డు బయట బెంచీ మీదే ఉన్నాం నేనూ మరదలూ. ఒక్క మాట అనలేదు ఆ పిల్ల. “మీ వల్లే” అని ఒక్కసారి అరిచినా బాగుండేది, నేనూ ఏడ్చేదాన్ని. నాలుగో రోజు పొద్దున ఒక కుర్ర డాక్టరు రౌండ్స్‌కు వచ్చాడు. రాత్రంతా నిద్ర లేనట్టున్నాడు, అయినా ఓపిగ్గానే మాట్లాడాడు.

“ప్రాణానికి భయం లేదు. కానీ కిడ్నీ చాలావరకు పోయింది. కొన్నాళ్ళు మిషను మీద నెట్టుకొస్తాం. ఈలోపు మార్పిడి గురించి మీరు ఆలోచించుకోవాలి. భార్యది బ్లడ్ గ్రూపే కలవలేదని రిపోర్టులో ఉంది. తోడబుట్టినవాళ్ళదైతే బాగా కలుస్తుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఉన్నారా?”

తమ్ముడు నావైపు చూశాడు. అంత జ్వరంలోనూ నవ్వొచ్చింది వాడికి.

“ఒక్క అక్క ఉంది డాక్టర్. పనికిరాదు. తన దగ్గరున్నది కూడా నాదే.”

డాక్టరుకు అర్థం కాలేదు. జ్వరంలో ఏదో అంటున్నాడనుకుని మమ్మల్ని చూశాడు. మరదలే చెప్పింది, రెండే రెండు మాటల్లో. ఆయన పెన్ను ఆగిపోయింది. తర్వాత ‘దాత: ఎవరూ లేరు’ అని రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

వాడి పాదాలు పట్టుకుని మంచం చివర నిలబడిపోయాను. మరదలు నా బ్యాగు తెరిచి, నేను ఆ పొద్దున వేసుకోవడం మరిచిపోయిన కిడ్నీ మాత్రలు తీసి, గ్లాసులో నీళ్ళు పోసి నా ముందుకు తెచ్చింది.

“వేసుకోండి వదినా” అంది. “ఆయనది అదొక్కటైనా పాడవకుండా ఉండాలి.”

వేసుకున్నాను.